పాత కాగితాల పెట్టె: టిప్పరరీ నుంచి లాలాగూడ దాకా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది లాలాగూడ. నాన్న, తాతగారు ఇద్దరూ రైల్వే వర్క్‌షాపులోనే పనిచేశారు. ఆంగ్లో ఇండియన్లం. మా తాతగారి తాత ఐర్లండ్‌లోని టిప్పరరీ నుంచి వచ్చిన సోల్జర్. ఇక్కడికి రాకముందు అక్కడి మిలీషియాలో (అవసరమైనప్పుడు పిలిచే స్థానిక సైనికదళం) ఉండేవాడని, "ప్యాంట్ల గొడవలో" ఆయన కూడా ఉన్నాడని మా గ్రానీ చెప్పేది. అదేం గొడవో ఎవరికీ తెలియదు. ఆయన డిశ్చార్జి కాగితం ఒకటి మా దగ్గర మిగిలింది. 102వ రెజిమెంట్ అని, ఒక నంబరు, 1869 అని కనిపిస్తున్నాయి. పుట్టిన ఊరు రాసినచోట మడత మీద చిరిగిపోయింది. ఇంటర్నెట్‌లో పేరు కొడితే అదే పేరుతో వందలమంది వస్తున్నారు. డబ్బు కట్టి సోల్జర్ల పెన్షన్ కాగితాలు వెతికించినా దొరకలేదు. ఐర్లండ్ రికార్డులన్నీ కాలిపోయాయంటున్నారు. ఇక వదిలేయాల్సిందేనా?
— ఒక పాఠకుడు, లాలాగూడ, సికింద్రాబాద్

జవాబు: వదలొద్దు. మీ చేతిలో ఉన్నది చాలామందికి లేనంత మంచి కాగితం.

నేను బందరు ట్రెజరీలో పెన్షన్ల సీట్లో చాలాకాలం పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే. మనిషి పుట్టిన సంగతి ఎవరైనా రాయడం మర్చిపోవచ్చు, పెళ్లి సంగతీ మర్చిపోవచ్చు. జీతం ఇచ్చినవాడు మాత్రం రాసుకోకుండా ఉండడు. రూపాయి చేతులు మారిన ప్రతిచోటా ఒక అక్విటెన్స్, అంటే డబ్బు ముట్టినట్టు రాసిన పట్టీ, ఉంటుంది. అందుకే సోల్జర్ పూర్వీకుణ్ణి వెతికేటప్పుడు నేను ముందు అడిగేది ఆయన ఊరేమిటని కాదు, ఆయనకు జీతం ఎవరిచ్చారని. కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది.

ముందు ఆ కాలిపోయిన సంగతి చెప్తాను. 1922 జూన్ 30న డబ్లిన్‌లో, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, ఫోర్ కోర్ట్స్ భవనాల్లో పేలుడు జరిగి ఐర్లండ్ పబ్లిక్ రికార్డ్ ఆఫీసు బూడిదైంది. 1821 నుంచి 1851 దాకా తీసిన నాలుగు జనాభా లెక్కలు చాలావరకు అందులో పోయాయి. వీలునామాలూ, ప్రొటెస్టెంట్ చర్చిల రిజిస్టర్లలో సగానికి పైగా పోయాయి. 1861, 1871 లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 లెక్కలు మొదటి ప్రపంచయుద్ధకాలంలో కాగితపు గుజ్జు కిందికి వెళ్లాయి. వింటుంటే గుండె జారిపోయే మాట వాస్తవమే. కానీ మిలీషియా జీతాల లెక్కలు లండన్‌లోని వార్ ఆఫీసుకు వెళ్లాయి. ఇవాళ అవి లండన్ శివారు క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. డబ్లిన్ మంట వాటిని తాకలేదు.

ఇప్పుడు మీ గ్రానీ చెప్పిన ప్యాంట్ల గొడవ. మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది కట్టుకథ కాదు. రష్యాతో జరిగిన క్రిమియా యుద్ధంలో రెగ్యులర్ సైన్యమంతా బయటికి వెళ్లడంతో, అప్పటిదాకా పేరుకే ఉన్న ఐరిష్ మిలీషియాను 1854-55లో మళ్లీ నిలబెట్టారు. బౌంటీ, అంటే చేరినందుకు అదనపు డబ్బు, ఇస్తామని చెప్పి కుర్రాళ్లను చేర్చుకున్నారు. యుద్ధం ముగిసింది, 1856 జూలైలో నార్త్ టిప్పరరీ మిలీషియాను నీనా పట్టణంలో విడిపించి ఇళ్లకు పంపబోయారు. రావలసిన బౌంటీ మొత్తం చేతికి రాలేదు. పైగా వేసుకున్న కొత్త ప్యాంట్లు కూడా విప్పి అప్పగించమన్నారు. దాంతో కుర్రాళ్లు తిరగబడ్డారు. రెగ్యులర్ సైన్యాన్ని రప్పించారు, వీధుల్లో కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్లో ఇప్పటికీ దాన్ని ప్యాంట్ల యుద్ధమనే పిలుస్తారు.

వాళ్లెవరో ఒక్కసారి ఆలోచించండి. 1856లో పద్దెనిమిది, ఇరవై ఏళ్ల టిప్పరరీ కుర్రాడంటే 1845లో బంగాళాదుంప పంట కుళ్లి మహాకరువు మొదలయ్యేనాటికి ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. ఆ కరువును తట్టుకుని బతికి బట్టకట్టినవాడికి, ఒంటి మీదున్న మంచి గుడ్డ విప్పివ్వమంటే ఎలా ఉంటుంది? మీ గ్రానీ ఆ మాటను నాలుగు తరాలు దాటించి మీ చేతిలో పెట్టింది. దాని విలువ చూడండి: టిప్పరరీలో సౌత్ టిప్పరరీ మిలీషియా కూడా వేరే ఉండేది. ప్యాంట్ల గొడవ అనగానే అది నార్త్ అని, కాలం 1856 అని, ఊరు నీనా అని మూడూ ఒకేసారి తేలుతున్నాయి.

కాబట్టి వెతకాల్సిన మొదటి కట్ట క్యూలోని డబ్ల్యూఓ 13 (డబ్ల్యూఓ అంటే వార్ ఆఫీసు, అంకె ఆ కట్ట నంబరు). మిలీషియా, వాలంటీర్ల హాజరు పట్టీలు, జీతాల పట్టీలు 1780 నుంచి 1878 దాకా ఇందులో ఉన్నాయి. నార్త్ టిప్పరరీ 1855, 1856 పట్టీలు అడగాలి. కంపెనీలవారీగా (దళంలోని విభాగాలవారీగా) పేర్లు, ఎన్నిరోజులు హాజరు, ఎంత ఇచ్చారు అనేవి ఉంటాయి. పుట్టిన ఊరు సాధారణంగా ఉండదు. డబ్ల్యూఓ 96 అని మిలీషియా చేరిక ఫారాలు వేరే ఉన్నాయి. వాటిలో పుట్టిన ప్యారిష్ (ఒక చర్చి కిందికొచ్చే ప్రాంతం), వయసు, వృత్తి, ఉన్న ఊరు అన్నీ దొరుకుతాయి, డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అయితే అందులో ఎక్కువభాగం ఆ తర్వాతి కాలానివి. మీవారి ఫారం దొరికితే అదృష్టం, దొరకకపోతే ఆయన మిలీషియాలో లేడనుకోవద్దు.

పెన్షన్ కాగితాల్లో ఎందుకు దొరకలేదన్నది ఇప్పుడు చెప్తాను. ఇది నా సీటు విషయం. మీకు వెతికిపెట్టినవాళ్లు చూసింది డబ్ల్యూఓ 97 అయివుంటుంది. 1883కి ముందు ఆ కట్టలో మిగిలినవి, సర్వీసు పూర్తిచేసి పెన్షన్ తీసుకుని వెళ్లినవాళ్ల డిశ్చార్జి కాగితాలే. మామూలు పెన్షన్‌కు ఇరవయ్యొక్క ఏళ్ల సర్వీసు కావాలి. మీవారు 1856 తర్వాత చేరి 1869లో బయటికొచ్చారు, అంటే పట్టుమని పదమూడేళ్లు కూడా లేవు. గాయమో జబ్బో ఉంటే తప్ప పెన్షన్ రాదు. పెన్షన్ రానివాడి కాగితం పెన్షన్ కట్టలో ఎందుకుంటుంది?

ఆయన ఉండేది జీతాల కట్టలో. 102వ రెజిమెంట్ అంటే మన మద్రాసు ఫ్యూజిలియర్సే. ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్న మద్రాస్ యూరోపియన్ రెజిమెంట్ దాని పాతరూపం. 1809లో కంపెనీ మీద తెల్ల ఆఫీసర్లే తిరగబడిన సంఘటన మా బందరు కోటలో జరిగింది, ఈ రెజిమెంటుతోనే. 1858లో కంపెనీ నుంచి పాలన రాణి చేతికి వెళ్లాక సైన్యం కూడా మారింది, 1862 నాటికి దీనికి 102 నంబరు వచ్చింది. 1881లో ఇదే రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. ఐర్లండ్‌కు స్వాతంత్ర్యం వచ్చిన 1922లో రద్దయింది. ఆ రోజుల్లో కంపెనీ తెల్ల సిపాయిల్లో ఐరిష్ వాళ్లు చాలా ఎక్కువ. పని దొరకని కుర్రాళ్లకు ఇండియా అంటే పదేళ్లు తిండికి ఢోకా లేదన్న మాట.

102వ రెజిమెంటు జీతాల పట్టీలు క్యూలో డబ్ల్యూఓ 12లో ఉన్నాయి. మూడునెలలకో పట్టీ. మామూలుగా వెతికేవాళ్లు పేరు చూసి, ఉన్నాడని నోట్ చేసుకుని పుస్తకం మూసేస్తారు. మీరు పట్టీ చివరికి వెళ్లండి. ఆ మూడునెలల్లో చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు, డిశ్చార్జి అయినవాళ్లతో అక్కడ వేరే జాబితా ఉంటుంది. లెక్కలోంచి మనిషిని తీసేయాలంటే ఎవరిని తీశామో పై ఆఫీసుకు రుజువు చూపాలి కదా, అందుకని ఆ జాబితాలో పుట్టిన ఊరు, వృత్తి, సైన్యంలో చేరిన తేదీ రాసేవారు. మీ కాగితంలో మడత మింగేసిన ఊరి పేరు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది అక్కడే. మీ దగ్గర 1869 అన్న సంవత్సరముంది, రెజిమెంటు నంబరుంది. పేరున్నవాళ్లు వందమంది ఉండొచ్చుగానీ ఆ రెజిమెంటులో ఆ నంబరున్నవాడు ఒక్కడే. ఇకమీదట ఎవరికి రాసినా పేరు కంటే ముందు ఆ నంబరు రాయండి.

ఈ పట్టీలు చాలావరకు ఆన్‌లైన్‌లో లేవు. ఎవరో ఒకరు వెళ్లి చూడాల్సిందే. లండన్‌లో మీకు తెలిసిన పిల్లలెవరైనా ఉంటే క్యూకి పంపండి. రీడర్స్ టికెట్ ఉచితం, ఫోన్‌తో ఫొటోలు తీసుకోనిస్తారు. డబ్బు కట్టి మనిషిని పెట్టుకోవడం ఆ తర్వాతి మాట.

లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డులున్నాయి. మీవారు 1857-58 హడావిడిలో కంపెనీలో చేరినవారైతే, మద్రాసు సైన్యపు యూరోపియన్ సిపాయిల రిజిస్టర్లలో ఏ కౌంటీ (మన జిల్లా లాంటిది), ఏ వృత్తి, ఏ ఓడలో ఏ ఏడాది దిగాడు అన్నది దొరకాలి. ఆ కట్ట నంబరు ఎల్/మిల్/11 అని అడగండి. 1862 తర్వాత నేరుగా రాణి సైన్యంలో చేరినవారైతే ఇందులో కనపడరు. అప్పుడు కంగారుపడొద్దు, డబ్ల్యూఓ 12 ఎలాగూ ఉంది.

ఒక సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. సైన్యంలో చేరేటప్పుడు "నేను మిలీషియాకు చెందినవాణ్ణి కాను" అని ప్రమాణం చేయించేవారు. మిలీషియా గడువు తీరకుండా, చెప్పకుండా వచ్చి చేరిన కుర్రాళ్లు అందుకే పేరు మార్చి చెప్పేవారు. కొందరు తల్లి ఇంటిపేరు పెట్టుకునేవారు. నార్త్ టిప్పరరీ పట్టీలో మీ ఇంటిపేరు ఎంత వెతికినా రాకపోతే ఈ అనుమానం రావాలి. అప్పుడు పోలీస్ గెజెట్ చూడాలి. పారిపోయినవాళ్ల ఎత్తు, జుట్టు రంగు, పుట్టిన ఊరు అందులో అచ్చువేసేవారు. మీ డిశ్చార్జి కాగితం వెనుకవైపు ఎత్తు, కళ్ల రంగు రాసి ఉంటాయి. చూసి నాకు రాయండి, ఆ రెండూ పోల్చుకోవచ్చు.

మీ ఇంటికి దగ్గర్లోనే ఉన్నదాన్ని చివరికి చెప్తున్నాను గానీ మీరు మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చి. దాన్ని 1850లో పూర్తిచేసింది కార్క్ నుంచి వచ్చిన ఐరిష్ ఫాదర్ డేనియల్ మర్ఫీ. కంటోన్మెంటులో అంతమంది ఐరిష్ క్యాథలిక్ సిపాయిలున్నారు కాబట్టే ఐరిష్ ఫాదర్లు ఇక్కడికొచ్చారు. మీవారి పెళ్లి, పిల్లల బాప్టిజం ఆ రిజిస్టర్లలో ఉండొచ్చు. ఫాదర్‌ని కలిసి, ముందే ఉత్తరమిచ్చి, సంవత్సరాలు చెప్పి అడగండి. వాటి నకళ్లు లండన్‌కు కూడా పంపేవారు. మద్రాసు రాజధాని చర్చి రిటర్నులు ఎన్/2 అన్న పేరుతో ఉన్నాయి, వాటి సూచిక ఆన్‌లైన్‌లో దొరుకుతుంది.

అక్కడ పెద్దకొడుకు పేరేమిటో చూడండి. ఐరిష్ ఇళ్లలోనూ మనలాగే పెద్దవాడికి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే ఆనవాయితీ ఉండేది. అంటే మీ తాతగారి తండ్రికి పెట్టిన పేరు, ఆయన పెద్దకొడుకైతే, టిప్పరరీలో ఉండిపోయిన ముసలాయన, అంటే సోల్జర్ తండ్రి, పేరే అయ్యుండొచ్చు. రుజువు కాదు గానీ మంచి ఆధారం. ఆ పేరు, డబ్ల్యూఓ 12లో దొరికిన ప్యారిష్ పట్టుకుని ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైటుకు వెళ్లండి. క్యాథలిక్ ప్యారిష్ రిజిస్టర్ల ఫొటోలు 1880 దాకా ఉచితంగా పెట్టారు. చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి, జేమ్స్ అక్కడ జాకోబస్ అవుతాడు. బాప్టిజం దొరికాక గాడ్‌పేరెంట్ల పేర్లు కూడా రాసుకోండి, తరచుగా వాళ్లు అమ్మవైపో నాన్నవైపో బంధువులే. ఆ తర్వాత 1847-64 మధ్య తయారైన గ్రిఫిత్ భూపన్ను లెక్కల్లో ఆ ముసలాయన ఎవరి భూమిలో, ఏ గుడిసెలో ఉండేవాడో చూడొచ్చు. ఆ జాబితాతో పాటు మ్యాపులు కూడా ఉన్నాయి. అంత దాకా వెళ్లగలిగితే ఆ పొలం ఇవాళ ఎక్కడుందో కూడా చూడగలుగుతారు.

1869లో డిశ్చార్జి తీసుకున్న సిపాయికి 1874లో వాడి-సికింద్రాబాద్ రైలుమార్గం తెరుచుకుంది. మీ కుటుంబం రైల్వేలోకి ఎలా వచ్చిందో నాకైతే ఈ రెండు తేదీలే చెప్తున్నట్టున్నాయి. అదీ జీతం కాగితమే, వెతకాల్సిందే.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కరీంనగర్. ఐదేళ్లుగా ఐర్లండ్‌లో ఉంటున్నాను. మావారు ఇక్కడివారే. మా అత్తగారి పూర్వీకుడొకాయన 1798లో లాంగ్‌ఫర్డ్ మిలీషియాలో ఉన్నాడట. 1798 అంటే ఇక్కడ బ్రిటిష్ వాళ్ల మీద జరిగిన పెద్ద తిరుగుబాటు కదా, ఆయన రాజుగారి వైపు తుపాకీ పట్టాడని అత్తగారు ఆ మాటే ఎత్తనివ్వరు. మా పాప స్కూల్లో వంశవృక్షం రాయమన్నారు. ఆయన్ను రాయాలా వద్దా? అసలు ఆయన గురించి తెలుసుకోవడం ఎలా?
— ఒక పాఠకురాలు, లిమరిక్

జవాబు: రాయండమ్మా. దాచిపెట్టాల్సిన మనిషి కాదాయన.

మిలీషియా అంటే ఎవరో మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలవగానే ఐర్లండ్‌లో 38 మిలీషియా దళాలను ఏర్పాటుచేశారు. ఆఫీసర్లు ఎక్కువగా ప్రొటెస్టెంట్ భూస్వాములు, కింది సిపాయిలు ఎక్కువగా పేద క్యాథలిక్కులు. చీటీ తీసి పేరొస్తే వెళ్లాలి, లేదా బదులుగా ఎవరినైనా పంపాలి. విదేశాలకు పంపేస్తారేమోనన్న భయంతో ఆ ఏడాది జనం ఎన్నోచోట్ల తిరగబడ్డారు కూడా. చాలామందికి అది దేశం మీద ద్వేషమో రాజు మీద ప్రేమో కాదు, కూలి దొరకని చోట కూడు.

వాళ్ల మనసులు ఎటున్నాయో అప్పటి ప్రభుత్వానికే నమ్మకం లేదు. తిరుగుబాటుకు సిద్ధమవుతున్న యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘంలో రహస్యంగా చేరి ప్రమాణం చేశారని 1797 మేలో మొనాహన్ మిలీషియా సిపాయిలు నలుగురిని బ్లారిస్ శిబిరంలో అందరి ముందూ కాల్చిచంపారు. అదే మిలీషియా మరోచోట తిరుగుబాటుదారులను నిర్దయగా అణచింది. నార్త్ కార్క్ మిలీషియా దళమొకటి 1798 మే 27న ఔలర్ట్ కొండ మీద వాళ్ల చేతిలోనే దాదాపు మొత్తం హతమైంది. రెండు వైపులా చచ్చినవాళ్లు ఎక్కువమంది బీదవాళ్లే.

మీ లాంగ్‌ఫర్డ్ సంగతి మరీ చెప్పుకోదగ్గది. ఆగస్టులో జనరల్ ఉంబేర్ తిరుగుబాటుదారులకు సాయంగా వెయ్యిమంది ఫ్రెంచివాళ్లతో కిలాలా తీరాన దిగాడు. ఆగస్టు 27న కాజిల్‌బార్ దగ్గర రాజుగారి వైపున్న జనరల్ లేక్ సైన్యం చెల్లాచెదురైంది. లాంగ్‌ఫర్డ్, కిల్‌కెన్నీ మిలీషియా సిపాయిలు కొందరు అక్కడే తుపాకులు తిప్పి ఫ్రెంచివాళ్లతో చేరిపోయారు. సెప్టెంబరు 8న బలినమక్ దగ్గర ఆ యుద్ధం ముగిసింది. లొంగిపోయిన ఫ్రెంచివాళ్లను యుద్ధఖైదీలుగా మర్యాదగా చూశారు, వాళ్లతో ఉన్న ఐరిష్ వాళ్లను నరికేశారు. దొరికిన మిలీషియా సిపాయిలను ఉరితీశారు. బలినమక్ ఉన్నది లాంగ్‌ఫర్డ్ కౌంటీలోనే. వాళ్లలో కొందరు సొంత కౌంటీలో, సొంత మనుషుల మధ్య ఉరికంబమెక్కి ఉంటారు. మీ అత్తగారి పూర్వీకుడు ఏ వైపున్నాడో ఇంతవరకూ ఎవరూ చూడలేదు కదా!

చూడాల్సింది పై ఉత్తరంలో చెప్పిన డబ్ల్యూఓ 13లోనే, లాంగ్‌ఫర్డ్, 1798 పట్టీ. జూలై దాకా జీతం ముట్టి, ఆగస్టు తర్వాత పేరుకెదురుగా ఏం రాసి ఉందన్నది అసలు ప్రశ్న. పారిపోయాడా, చనిపోయాడా, మామూలుగా జీతం తీసుకుంటూనే ఉన్నాడా? ఆయన 1802 దాకో 1816 దాకో ఉండి, జబ్బుతో బయటికొచ్చి ఉంటే డబ్లిన్‌లోని కిల్‌మేనమ్ ఆసుపత్రి (సిపాయిల పెన్షన్లు చూసిన సంస్థ) పెన్షన్ కాగితాలు కూడా చూడండి, డబ్ల్యూఓ 118, 119. డబ్లిన్‌లో ఉండేదే అయినా అవి కూడా క్యూకే చేరాయి.

పిల్లల బాప్టిజం లాంగ్‌ఫర్డ్‌లో వెతికి లేదని ఆగిపోవద్దు. మిలీషియాను సొంత కౌంటీలో ఉంచేవారు కాదు, ఊరూరా తిప్పేవారు. భార్యాపిల్లలు కూడా వెంట నడిచేవారు. లాంగ్‌ఫర్డ్ సిపాయి బిడ్డ కార్క్‌లో పుట్టొచ్చు, తర్వాతి బిడ్డ ఉత్తరాన పుట్టొచ్చు. రెజిమెంటు ఏ నెలలో ఎక్కడుందో డబ్ల్యూఓ 17 నెలవారీ రిటర్నుల్లో ఉంటుంది. ముందు అది రాసుకుని, ఆయా ఊళ్ల రిజిస్టర్లు తిరగేయండి.

పాప వంశవృక్షంలో ఆయన పేరు కింద "సిపాయి, లాంగ్‌ఫర్డ్ మిలీషియా" అని రాయించండి. మిగతాది తెలిశాక రాద్దురుగాని.

ప్రశ్న: మా ముత్తాత ఐర్లండ్‌లో పుట్టాడని బాప్టిజం సర్టిఫికెట్ దొరికింది. దీంతో మా అబ్బాయికి ఐరిష్ పాస్‌పోర్టు వస్తుందని ఒక ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇవ్వకండి. తాతో అమ్మమ్మో నాయనమ్మో ఐర్లండ్ ద్వీపంలో పుట్టి ఉంటే ఫారిన్ బర్త్స్ రిజిస్టర్‌లో (ఐర్లండ్ బయట పుట్టినవాళ్ల రిజిస్టర్) నమోదై పౌరసత్వం తీసుకోవచ్చు. ముత్తాత పుట్టుక ఒక్కటే చాలదు. మీ అబ్బాయి విషయంలో చూడాల్సింది, వాడు పుట్టకముందే మీరో మీ ఆవిడో ఆ రిజిస్టర్‌లో నమోదయ్యారా లేదా అని. కాకపోతే ఈ దారి మూసినట్టే. దరఖాస్తు ఐర్లండ్ విదేశాంగ శాఖకు మనమే నేరుగా ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, మధ్యలో ఏజెంటుతో పనిలేదు. ఆ బాప్టిజం సర్టిఫికెట్ మాత్రం జిరాక్స్ తీయించి అసలుది భద్రంగా పెట్టుకోండి. ఏజెంటు చేతికి అసలు ఇవ్వద్దు.